కొడుకు గొంతుతో

మయూర్ లేడన్న సంగతి హైదరాబాదులో ఉన్న నందకిషోర్‌కు ఇంకా తెలియదు. కిందటి వారం మనం స్నేహల్‌ను విడిచి వచ్చింది ఆ దిగులు దగ్గరే.

పోళా పండుగ ముందు, ఎడ్లకు కొత్త పగ్గాలూ గజ్జెల పట్టీలూ కొనే రైతులతో నాందేడ్ జూనా మోంఢా బజారు కిటకిటలాడే రోజుల్లో, మయూర్ తమ తాళ్ల దుకాణం షటర్ దించుతూ మెట్టు మీద కూలబడ్డాడు. దవాఖానకు చేర్చేసరికి ప్రాణం లేదు. 'పొద్దుననే తీసుకొచ్చి ఉంటే' అని డాక్టరు సగంలో ఆపేశాడు. ఆ సగం మాట ఇంట్లో మిగిలిన ముగ్గురి చెవుల్లోనూ అలాగే ఉండిపోయింది.

దుకాణం పైన ఉన్న గదిలో మయూర్‌కు ఇంకో పని ఉండేది. హైదరాబాదు కంపెనీ ఒకదానికి కాంట్రాక్టు మీద, ఆకాశం నుంచి తీసిన పొలాల బొమ్మల్లో గట్ల వెంబడి గీతలు గీసే పని. పదమూడో రోజు దాకా కంపెనీ నుంచి కొత్త పని రాలేదు. అది దాటాక అతని భార్య స్నేహల్ ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అతని పేరు మీదే గీస్తోంది. మేనేజర్ నందకిషోర్ పంపే సందేశాలకు అతని పేరు మీదే 'ఓకే సార్' అని జవాబిస్తోంది. చలికాలం వచ్చినా అవతలి మనిషికి తేడా తెలియలేదు. నిన్న మాత్రం కొత్త సందేశం వచ్చింది. 'మయూర్, రేపు పొద్దున కాల్. కాంట్రాక్టు పొడిగించే ముందు మనిషితో మాట్లాడి తీరాలట. రెడీగా ఉండు.'

ఆ రేపు ఇవాళే.

పని చేసే మనిషి పోయాక అతని పేరు మీద ఇంకొకరు పని చేయడం తప్పని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తాతల నాటి నుంచి తాళ్లు అమ్ముకునే ఇల్లు అది. తండ్రి అన్నానికి లేస్తే గల్లా మీద కొడుకు కూర్చుంటాడు. కొడుకు ఉమ్రికి సరుకు కోసం పోతే కోడలు కూర్చుంటుంది. ఎవరు కూర్చున్నా దుకాణం పేరు ఒక్కటే. మయూర్ తండ్రి హన్మాండ్లు, తన తండ్రి లింగన్న పోయి ఏళ్లు గడిచినా బోర్డు మీద ఆ పేరు మార్చలేదు. కిన్వట్ వైపు నుంచి వచ్చే ముసలి రైతులు కొందరు హన్మాండ్లునే 'లింగన్న శేఠ్' అని పిలుస్తారు. ఆయన పలుకుతాడు. అందుకే పదమూడో రోజు మరునాడు పై గదిలో ల్యాప్‌టాప్ టింగుమన్నప్పుడు ఆయన కోడలితో అన్నది ఒక్కటే. "గల్లా ఖాళీగ ఉండొద్దు బిడ్డా. కూసో."

ఆమె కూర్చుంది. మయూర్ అన్నానికి లేచినప్పుడు అంతకు ముందు కూడా కూర్చున్నదే.

స్నేహల్ ఆ పనిని పట్టుకుని ఉండటానికి ఇంకో కారణం ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు మయూర్ పేరెత్తరు. 'మీ ఆయన' అంటారు, 'పోయినాయన' అంటారు. అత్త పార్వతీబాయి అదీ అనదు. కుండల్‌వాడి నుంచి ఫోన్ చేసే తల్లి కూడా ఆ పేరు దగ్గరికి వచ్చి పక్కకు తప్పుకుంటుంది. ఆ తెర మీద మాత్రం రోజూ ఒక మనిషి ఆ పేరు పెట్టి పిలుస్తున్నాడు. గుడ్ మార్నింగ్ మయూర్. మయూర్, ఇంకా కాలేదా. మయూర్, ఎందుకింత స్లో. మెచ్చుకోలు అన్నది అతనికి తెలియదు. అయినా అది బతికి ఉన్న మనిషిని తిట్టే తిట్టు. ఈ భూమ్మీద మయూర్ ఇంకా ఆలస్యం చేస్తున్న చోటు అదొక్కటే. ఇవాళ్టి కాల్‌లో అబద్ధం బయటపడితే ఆ చోటు కూడా పోతుంది.

అయినా పొద్దున చాయ్ గ్లాసు మామ చేతికి ఇస్తూ ఆమె అంది.

"నేను నిజం చెప్పేస్త మామా."

హన్మాండ్లు చాయ్ ఊదుకున్నాడు. "చెప్తే ఏమైతది?"

"తీసేస్తరు."

"మరి తీసేస్తరని తెలిసి కూడ ఎందుకు చెప్తవు?"

"ఎట్ల మాట్లాడాలె మరి? నా గొంతు వింటే తెల్వదా?"

"నీ గొంతు ఎందుకు ఇంటడు? నా గొంతు ఇంటడు."

స్నేహల్ తలెత్తి చూసింది. ఆయన పరిహాసానికి అనలేదు.

తండ్రీకొడుకుల గొంతులు ఒక్కటే అన్నది ఆ ఇంట్లో పాత ముచ్చట. నిశ్చితార్థం అయిన కొత్తలో ఒకరోజు స్నేహల్ మయూర్‌కు ఫోన్ చేసి, ఎత్తగానే "తిన్నవా? నేను యాదికొచ్చిన్నా?" అని అడిగింది. అవతల కాసేపు దగ్గు వినిపించింది. తర్వాత, "తిన్న బిడ్డా. నువ్వు దినాం యాదికొస్తవు, పెండ్లి ఖర్చు గుర్తొచ్చినప్పుడల్ల" అన్నాడు హన్మాండ్లు. పెళ్లయ్యాక కూడా మయూర్ ఆ మాట పట్టుకుని ఆమెను ఏడిపించేవాడు. ఫోన్ ఎత్తగానే ముందు ఎవరో తేల్చుకొమ్మనేవాడు.

"మామా, అది గా పరాచికం అసుంటిది కాదు," అంది స్నేహల్ మెల్లగా. "వాడు అడుగుతడు. మ్యాప్ అంటడు, బ్యాచ్ అంటడు."

"నువ్వు పక్కకు ఉండి చెయ్యి పట్టుకో. అవునంటే ఒకసారి ఒత్తు. కాదంటే వదిలిపెట్టు. ఎడ్ల అంగట్ల రుమాలు కింద చెయ్యి పెట్టి బేరం చేసినోణ్ని, గీ మాత్రం తెల్వదా నాకు?"

వంటింటి గడప దగ్గర పార్వతీబాయి నిలబడి ఉంది. చేతికి జొన్నపిండి అంటుకుని ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"వాని పేరు పెట్టుకొని మాట్లాడుతవా?" అంది భర్తతో.

"గొంతే గదనే. గొంతు నాదే. వానికి నేనే ఇచ్చిన."

"ఇచ్చినోడివి మల్ల గుంజుకుంటవా?"

హన్మాండ్లు గ్లాసులో చాయ్ అయిపోయిందని తెలిసి కూడా మళ్లీ నోటికి ఆనించుకున్నాడు. పార్వతీబాయి లోపలికి వెళ్లిపోయింది. కొద్దిసేపటికి పీట మీద జొన్నరొట్టె తట్టే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడులో ఎప్పుడూ ఉండే లయ లేదు. కొట్టినట్టుంది.

ఆయన కిందికి దిగి దుకాణం షటర్ సగానికి దించి వచ్చాడు. ఆ షటర్ మీద ఆ రోజు నుంచి ఇంకెవరి చెయ్యీ పడనివ్వడు. తన భుజం నొస్తోందని, "మయూర్, జర వచ్చి షటర్ దించురా" అని ఆ సాయంత్రం కొడుకును పై గది నుంచి కిందికి పిలిచింది ఆయనే. దాని గురించి ఆయన ఎవరితోనూ అనలేదు. పదో రోజున పార్వతీబాయి మాత్రం ఒకసారి అంది. "నువ్వు పిలవకుంటే వాడు మీదనే ఉంటుండె గదా." మళ్లీ ఎన్నడూ అనలేదు. మళ్లీ అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఆ బరువు ఆయన ఒక్కడే ఎత్తుతున్నాడు, ఒక్కడే దించుతున్నాడు. ఇరుగు పొరుగు వస్తే వద్దంటాడు.

పైకి వచ్చాక స్నేహల్ ఆయనకు నేర్పింది.

"మాట మాటకు సార్ అనాలె."

"నా ఉమ్మర్ల తహసీల్దార్‌కు కూడ సార్ అనలే నేను. తమ్ముణ్ని పిలిచినట్టు భావూ అన్న."

"ఈయన్ని భావూ అంటే గాయబ్ అయిపోతది మామా, కాంట్రాక్ట్."

"సరే. సార్. ఇంకేంది?"

"ఎక్కువ మాట్లాడకుండ్రి. ఆయన తక్కువ మాట్లాడుతుండె."

'ఆయన' అన్నది ఎవరినో చెప్పాల్సిన పని లేదు. హన్మాండ్లు తల ఊపాడు.

"ఏమన్న అంటే?"

"ఓకే సార్ అనుండ్రి."

"తిడ్తే?"

"అప్పుడు కూడ గంతే."

ఆయన కోడలి ముఖం వంక కాసేపు చూశాడు. అడగబోయిన మాట ఏదో అడగకుండా కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ల్యాప్‌టాప్ మోగింది. తెర మీద నల్లటి చతురస్రం, మధ్యలో ఒక గుండ్రం, ఆ గుండ్రంలో నందకిషోర్ పేరులోని మొదటి అక్షరం. ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో స్నేహల్‌కు ఇప్పటికీ తెలియదు. తమ వైపు కెమెరా కూడా మూసి ఉంది. ఆమె మామ ఎడమ అరచేతిని తన చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది.

"హలో, మయూర్?"

హన్మాండ్లు నోరు తెరిచాడు. స్నేహల్ చెయ్యి ఒత్తింది.

"ఆఁ సార్. మయూర్‌నే," అన్నాడు ఆయన.

వంటింట్లో రొట్టె చప్పుడు ఆగిపోయింది.

స్నేహల్ కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుంటే అది నిజంగా అతని గొంతే. ఈ పక్కనే, ఈ కుర్చీలోంచే వస్తోంది. ఒక్క క్షణం ఆమె దాన్ని అలాగే ఉండనిచ్చింది. అందుకు తనను తాను ఏవగించుకుంది కూడా.

"గొంతేంటి అలా ఉంది?"

"సర్ది అయింది సార్."

"సరే సరే. త్వరగా కానిచ్చేద్దాం, నాకు వేరే మీటింగ్ ఉంది. చూడు మయూర్, సూటిగా చెప్తా. నువ్వేం గొప్పగా చెయ్యట్లేదు. మొన్నటి బిలోలీ పొలాల బ్యాచ్ ఎంత లేటు? మన దగ్గర పని చేస్తామని లైన్లో నిలబడ్డవాళ్లు బోలెడు మంది. తెలుసా?"

"ఓకే సార్."

"ఓకే కాదు. తెలుసా అంటున్నా."

"తెల్సు సార్."

హన్మాండ్లు మెడ మీద నరం ఒకటి లేచింది. గల్లా మీద కూర్చున్నంత కాలం ఆయనతో ఇలా మాట్లాడిన మనిషి లేడు. బేరంలో ఒక మాట తేడాగా వస్తే తాడు చుట్టను తిరిగి దుకాణంలోకి విసిరేసే మనిషి ఆయన. ఇప్పుడు ఆయన చెయ్యి స్నేహల్ చేతిలో పిడికిలిగా బిగుసుకుంది, మళ్లీ తనంతట తానే విడింది.

అంతలో కింద బజారులోంచి ఎవరో తాడు కావాలని కేక వేశారు. "హన్మాండ్లు శేఠ్, ఓ శేఠ్, దోరీ పాహిజే!"

"ఏంటా గోల?" అన్నాడు నందకిషోర్. "ఎవరు ఈ హన్మాండ్లు?"

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు.

"మా నాయిన సార్."

"ఇంట్లో కొట్టు పెట్టుకుని ఆఫీసు పనులు చేస్తే ఇలాగే ఉంటుంది. మీ నాన్నకు చెప్పు, కాల్ ఉన్నప్పుడు కాస్త నోరు మూసుకుని ఉండమని."

"చెప్త సార్," అన్నాడు హన్మాండ్లు. "ఆయన ఇంటడు."

స్నేహల్‌కు నవ్వు వచ్చినట్టయి ఆగిపోయింది. మయూర్ ఈ మాటలన్నీ విన్నాడు. ఇదే కుర్చీలో, ఇదే గొంతుతో. సాయంత్రం కిందికి దిగి, తండ్రితో కలిసి తాళ్లు చుడుతూ, 'పని బానే ఉన్నది బాపూ' అని చెప్పేవాడు.

నందకిషోర్ గొంతు కొంచెం మెత్తబడింది. మేలు చేయబోతున్న మనిషి గొంతు అది.

"అయినా నిన్ను ఉంచుకుందామనే అనుకుంటున్నా. నీకో మంచి గుణం ఉంది, ఎదురు చెప్పవు. నీ పేరు మీద ఒక రిమార్క్ రాసి పెట్టా. అది పైవాళ్లు చూస్తే పొడిగించరు. అందుకని తీసేస్తున్నా. గుర్తుంచుకో, నీకోసమే తీసేస్తున్నా."

స్నేహల్‌కు అదేమిటో తెలియదు. చెయ్యి ఒత్తాలో వదలాలో తెలియలేదు. హన్మాండ్లు తనంతట తానే అడిగాడు.

"ఏం రిమార్క్ సార్?"

"అప్పుడే మర్చిపోయావా? ఆ వానాకాలంలో, బ్యాచ్ మధ్యలో సెలవడిగావు కదా. పొద్దున్నే ఫోన్ చేసి ఛాతీలో పట్టేసినట్టుంది, చెయ్యి లాగుతోంది, ఒక్క గంట డాక్టర్ దగ్గరికి వెళ్లొస్తా అని గొడవ. బ్యాచ్ సాయంత్రానికి వెళ్లకపోతే నా పీక మీద కూర్చుంటారు, అది చూడవా? కాంట్రాక్టు వాళ్లకు సెలవేంటి అసలు. పని ముగించి ఎక్కడికైనా పో అన్నా. ముగించావు. ఏమైంది? ఏమైనా అయిందా?"

వంటింట్లోంచి అడుగుల చప్పుడు గది గుమ్మం దాకా వచ్చింది.

"మయూర్? నిన్నే. ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు సార్," అన్నాడు హన్మాండ్లు.

"చూశావా. గ్యాస్. మనం అనుకుంటాం అంతే."

స్నేహల్ చేతిలో ఉన్న చెయ్యి ఆమెది కానట్టూ ఆయనది కానట్టూ ఉంది. మయూర్ పోయిన రోజు పొద్దు ఆమెకు కళ్ల ముందుకు వచ్చింది. మయూర్ గది నుంచి బయటికి వచ్చి వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఏమైంది, గట్లున్నవు?" అని అడిగింది. "ఎసిడిటీ" అన్నాడు. జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. అతను నిలబడే తాగి, గ్లాసు ఆమె చేతికిచ్చి, తిరిగి లోపలికి పోయాడు. ఆమె పోళాకు పురణ్‌పోళీ బొబ్బట్లు ఎన్ని చెయ్యాలో అత్తతో లెక్క వేసుకుంటూ కూర్చుంది. అంటే అప్పటికే అతను ఈ మనిషిని అడిగేశాడు. వీల్లేదనిపించుకుని వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఈ మనిషికి ఛాతీ అన్నాడు. ఆమెకు ఎసిడిటీ అన్నాడు. ఆమెకు చెప్తే ఊరుకోదు, చెయ్యి పట్టి మెట్లు దింపి దవాఖానకు తీసుకుపోతుంది. పోతే పని పోతుంది. అందుకని ఆమెకు చెప్పలేదు.

"పొద్దుగాలనా సార్?" హన్మాండ్లు గొంతు మారింది. "నేను మీకు ఫోన్ చేసింది... పొద్దుగాలనా?"

"పొద్దున్నే. నేనింకా టిఫిన్ కూడా చెయ్యలేదు. ఏం, ఎందుకు?"

"యాది లేదు సార్. గందుకు."

షటర్‌కు ముందు. సాయంత్రానికి ఎంతో ముందు. ఆ సంగతి ఆయన ముఖం మీద నెమ్మదిగా తెలియడం స్నేహల్ చూసింది. బరువు దిగిన మనిషి ముఖంలా లేదు అది. ఇన్నాళ్లూ తన నేరం అనుకుని మోసినదాన్ని పక్కన పెట్టి చూస్తే, దాని కింద ఇంకా పెద్దది ఉంది. పొద్దంతా నొప్పితో కూర్చుని పని ముగించిన కొడుకు, తండ్రి పిలవగానే భుజం నొప్పి అన్నాడని మెట్లు దిగి వచ్చాడు. రానని అనలేదు.

ఆమె ఆయన చెయ్యి వదిలేసింది. కాదు, చాలు, ఇక మాట్లాడొద్దు అన్నదానికి అదే గుర్తు. ఆయన గమనించలేదు. ముందుకు వంగి, ల్యాప్‌టాప్‌కు దగ్గరగా, గుట్టుగా అడిగినట్టు అడిగాడు.

"సార్, నేను ఆ దినం ఇంకేమన్న అన్ననా?"

"ఏంటి?"

"మీకు ఫోన్ చేసినప్పుడు. ఇంకేం చెప్పిన? మొత్తం చెప్పుండ్రి సార్, జర."

"నువ్వు మాట్లాడింది నన్నడుగుతావేంటి?" నందకిషోర్ నవ్వాడు. ఎందుకో అతనికి ఆ ప్రశ్న ముద్దుగా అనిపించినట్టుంది. "చెప్పావులే, పెద్ద కథ. నా భార్య కూర్చుంటుంది సార్, నాకంటే చక్కగా గీస్తుంది, గీత వంకర పోదు, మీకు తేడానే తెలియదు అన్నావు. నాకు కోపం వచ్చింది. ఇదేమన్నా మీ తాళ్ల కొట్టా, నువ్వు లేస్తే మీ ఆవిడ కూర్చోడానికి? నీ ఐడీ మీద ఇంకెవరైనా చెయ్యి పెడితే ఆ రోజే తీసేస్తా అన్నా. ఇప్పుడూ అదే చెప్తున్నా."

"తర్వాత ఏమన్న సార్?"

"తర్వాతేముంది. ఎప్పుడూ అనేదే. ఓకే సార్ అన్నావు."

హన్మాండ్లు వెనక్కి వాలాడు. తెలుసుకోవాల్సింది ఇక లేనట్టుగా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. చప్పుడు లేదు.

"సరే, పొడిగిస్తున్నా," అంది ల్యాప్‌టాప్‌లోని గొంతు. "ఇంకో ఏడాది. ఒక్క నిమిషం కెమెరా ఆన్ చెయ్యి, ముఖం చూసి టిక్ పెట్టాలట."

హన్మాండ్లు తెర వంక చూడలేదు. అయినా బజారులో పెరిగిన నాలుక దానంతట అదే పలికింది.

"కెమెరా ఖరాబ్ అయింది సార్."

"అబ్బా. సరేలే, చూశాననే పెట్టేస్తా. నాకూ పనులున్నాయి. ఇవాళ్టి బ్యాచ్ మధ్యాహ్నానికల్లా పంపు. ఉంటా మరి."

అంతే. అయిపోయింది. నిన్నటి నుంచి ఆమె తిండి మానేసి భయపడినది ఏదీ జరగలేదు. అబద్ధం నిలిచింది. ఇంకో ఏడాది రోజూ పొద్దున ఆ తెర మీద 'గుడ్ మార్నింగ్ మయూర్' అని వస్తుంది. ఇంకో ఏడాది మయూర్ ఎందుకింత స్లో అని ఒకరు అడుగుతారు. చూడకుండానే చూశానని పెట్టేశాడు. ఆ పొద్దున కూడా అంతే కదా, చూడకుండానే గ్యాస్ అన్నాడు.

ఇన్నాళ్లూ ఆ పిలుపును ఆమె దాచుకుంది. పోయిన మనిషి బట్టలో మిగిలిన వాసనను దాచుకున్నట్టు దాచుకుంది. ఇప్పుడు ఆ పేరు ఆ నోట్లో ఇంకొక్కసారి వినలేనని ఆమెకు తెలిసింది. మయూర్ ఈ కుర్చీలోంచి ఒక్క గంట లేస్తానన్నాడు. లేవనివ్వలేదు. ఆమె మాత్రం నెలల తరబడి అతన్ని ఇందులోనే కూర్చోబెట్టి ఉంచింది.

"ఒక్క నిమిషం సార్," అంది స్నేహల్.

హన్మాండ్లు ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. "బిడ్డా," అన్నాడు లోగొంతుతో. "అయిపోయింది గదా. వదిలెయ్యి."

"లేదు మామా."

ఆమె చెయ్యి చాపి కెమెరా తెరిచింది.

తెర మీద వాళ్లిద్దరూ కనిపించారు. నెరిసిన గడ్డంతో, తాడు దుమ్ము పట్టిన చొక్కాతో హన్మాండ్లు. పక్కన బొట్టు లేని స్నేహల్. అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఎవరు మీరు?" అన్నాడు నందకిషోర్. "ఇప్పటిదాకా మాట్లాడింది ఎవరు? మయూర్ ఎక్కడ?"

ఆ ప్రశ్న ఇన్నాళ్లకు అడిగాడు. స్నేహల్ చెప్పాలనే కెమెరా తెరిచింది. మాటలు కూడా సిద్ధంగానే ఉన్నాయి. తీరా చెప్పబోతే పెదవులు విడలేదు. పక్కన హన్మాండ్లు కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. కొడుకు పోయిన రోజున కూడా ఆయన ఇలా ఏడవలేదు. ఇప్పుడు వస్తున్న ఏడుపు ఎవరి గొంతులోంచి వస్తోందో వినేవాళ్లకు తెలియదు.

"మిమ్మల్నే అడిగేది. మయూర్‌ను పిలవండి. ఇది ఎంత పెద్ద తప్పో తెలుసా మీకు?"

వెనక నుంచి ఒక చెయ్యి స్నేహల్ భుజం మీద పడింది. పిండి అంటిన చెయ్యి.

"జరుగు బిడ్డా," అంది పార్వతీబాయి.

స్నేహల్ లేచింది. పార్వతీబాయి ఆ చోట కూర్చుని, కొంగు సర్దుకుని, తెర వంక చూసింది. అందులో ఆమెకు తన ముఖమూ భర్త కండువా మాత్రమే కనిపించాయి.

"ఏడున్నడు గా సారు? కనవడ్తలేడు."

"వాళ్లది బంద్ ఉన్నది అత్తా. గా గుండ్రం ఉన్నది చూడుండ్రి, గదే వాళ్లు. మనం వాళ్లకు కనవడ్తం."

"ఇనవడ్తదా?"

"ఇనవడ్తది."

పార్వతీబాయి ఆ గుండ్రం వైపు కొంచెం వంగింది. ఇంటికి కొత్త మనిషి వస్తే మాట్లాడినంత మర్యాదగా, గొంతు పెంచకుండా అడిగింది.

"సారూ, నా కొడుకు దవాఖానకు పోతనంటే పోనియ్యని సారు మీరేనా?"

అవతల మళ్లీ కుర్చీ జరిగిన చప్పుడైంది. గుండ్రం మాత్రం తెర మీద అలాగే ఉంది. అతను కాల్ కట్ చెయ్యలేదు.